టికెట్ మనది, లెక్క ఎవరిది?

అద్దె బస్సు అంటే ఏమిటో మన ఊళ్ళల్లో విడమరిచి చెప్పనక్కర లేదు. బస్సు మీద ఆర్టీసీ గుర్తు ఉంటుంది. టికెట్ ఆర్టీసీది, కండక్టరు ఆర్టీసీ మనిషి. బస్సు మాత్రం సేటుది, డ్రైవరు సేటు పెట్టుకున్న మనిషి. నడిదారిలో ఆ బస్సు ఆగిపోయిందనుకోండి. కండక్టరును అడిగితే "బండి ఓనరుది, నన్నేం చెయ్యమంటరు" అంటాడు. డ్రైవరును అడిగితే "టైరు మార్చమని నెల దినాల నుంచి మొత్తుకుంటున్న, సేటు వినడు" అంటాడు. డిపోకు పోయి అడిగితే "అది హైరు బస్సయ్యా" అని మళ్ళీ కాగితాల్లో తల దూరుస్తారు. ఇక సేటు సంగతా? అతన్ని కంటితో చూసినవాడు లేడు. డబ్బు కట్టినవాడు మాత్రం మనవాడే, ఎండలో నిలబడి ఉంటాడు.

ఇన్నాళ్ళూ కొన్ని రూట్లలో చూసిన ముచ్చట ఇది. హైదరాబాదు నగరంలో రైలూ బస్సూ రెండూ ఈ బాటే పట్టాయి. నడిపేది కంపెనీ, ఎక్కేది మనం, సంతకం పెట్టేది సర్కారు. ఆ సంతకం పెట్టిన కాగితంలో ఏముందో చదివే హక్కు ఎవరికుంది? కంపెనీ పెద్దల్ని నిలబెట్టి అడిగే హక్కు ఎవరికుంది? మా ప్రశ్న ఇదొక్కటే.

పట్నం బస్సు గొడవ పల్లె జనానికి ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మన వాడల్లో పద్దెనిమిది నిండిన పిల్లల్లో ఎంతమంది ఊళ్ళో ఉన్నారో లెక్కపెట్టండి. అడ్డా మీద కూలికి నిలబడేది మనవాళ్ళు. అపార్టుమెంట్లకు వాచ్‌మన్లు, ఆస్పత్రుల్లో ఊడ్చేవాళ్ళు, ఇళ్ళల్లో గిన్నెలు తోమే అక్కలు మనవాళ్ళు. వాళ్ళకు సొంత బండ్లు లేవు. పొద్దున నాలుగున్నరకు లేచి బస్సు కోసం నిలబడేది వాళ్ళే. బస్సు రాకపోతే సగం కూలి పోయేదీ వాళ్ళకే. పైగా పట్నంలో కుదిరిన పద్ధతి పల్లెకు రావడానికి ఎన్నాళ్ళో పట్టదు.

ఇంకో సంగతి కూడా ఉంది. బండి ఎవరిది అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. 1929లో బాబాసాహెబ్ అంబేద్కర్ చాలీస్‌గావ్ స్టేషన్లో దిగాడు. అప్పటికే ఆయన విదేశాల్లో పెద్ద చదువులు చదివి వచ్చిన బారిస్టరు. అక్కడి టాంగావాలాలు అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలబోమన్నారు. టాంగా అద్దెకు ఇస్తారట, తోలడం మాత్రం తోలరట! చివరికి వాడ మనుషుల్లో ఒకడు, తోలడం రానివాడు, కళ్ళెం పట్టుకున్నాడు. దారిలో బండి తలకిందులై బాబాసాహెబ్ కాలు విరిగింది. అద్దె డబ్బు ముడుతుంది కానీ మనిషి ముట్టుడు. ప్రైవేటు బండి న్యాయం అట్లా ఉండేది.

ఎర్రబస్సు ఆ న్యాయాన్ని బద్దలు కొట్టింది. ఇది మేము పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టిన రోజుల్లో, దొర గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన రోజుల్లో, బస్సులో మాత్రం పటేలు పక్క సీటు ఖాళీగా ఉంటే మన నాయిన కూర్చున్నాడు. పటేలు ముఖం తిప్పుకున్నా, కండక్టరు "జరుగుండ్రి, జరుగుండ్రి" అన్నాడే గానీ లెవ్వమనలేదు. టికెట్ ఉంటే సీటు. అంత చిన్న న్యాయం మరెక్కడా దొరకని ఊళ్ళవి. ఊరి పెద్దలకు కోపం వస్తే బండి కట్టనివ్వరు, జీపు ఎక్కనివ్వరు, కానీ ఎర్రబస్సును ఆపలేరు. దెబ్బలు తిన్నవాళ్ళు కేసు పెట్టడానికి మండలానికి పోయింది ఆ బస్సులోనే.

కొలువు కూడా అంతే. పంతులు ఉద్యోగం తర్వాత మన వాడల్లోకి నెల జీతం తెచ్చింది ఎక్కువగా ఖాకీ చొక్కా. మాలో కొందరి ఇళ్ళల్లో మొదటిసారి పదో తరగతి దాటినవాడు కండక్టరు అయ్యాడు, అతని జీతంతో తమ్ముడు డిగ్రీ చదివాడు. అదెట్లా జరిగింది? ఆర్టీసీ సర్కారు సంస్థ కాబట్టి, రోస్టరు ఉంది కాబట్టి, పదిహేను శాతం ఎస్సీలకు ఇచ్చి తీరాలి కాబట్టి. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో మొదలై, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీగా మారిన సంస్థ ఇది. దానిలో మన చెమట ఎంత ఉందో ఏ బ్యాలెన్స్ షీటులోనూ కనపడదు.

సర్కారు బస్సు స్వర్గమని మేము అనడం లేదు. డిపో మేనేజర్ల కులపిచ్చి మాకు తెలుసు. లాంగ్ రూటు డ్యూటీలు ఎవరికి పడతాయో, గ్యారేజీలో గ్రీజు పని ఎవరికి పడుతుందో తెలుసు. కానీ అక్కడ అడగడానికి ఒక తలుపు ఉంది. యూనియన్ ఉంది, ఎస్సీ ఎస్టీ ఉద్యోగుల సంఘం ఉంది, అసెంబ్లీలో ప్రశ్న ఉంది, ఆడిట్ ఉంది. తలుపు తెరుస్తారా లేదా అన్నది వేరే సంగతి. తలుపే లేని గోడ ఇప్పుడు కడుతున్నారు.

మెట్రో రైలు కథ చూడండి. 2008 జూలైలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాదు మెట్రోను మేటాస్ నాయకత్వంలోని కంపెనీల జట్టుకు కట్టబెట్టింది. ఆ జట్టు సర్కారు నుంచి ఒక్క పైసా అడగలేదు. పైగా తామే సర్కారుకు 30,311 కోట్లు ఇస్తామన్నది. ప్రపంచంలో ఎక్కడా మెట్రో రైలు కట్టినవాడు ఎదురు డబ్బు ఇవ్వడని చిన్న పిల్లవాడికైనా అనుమానం రావాలి. ఢిల్లీ మెట్రో కట్టిన ఇంజనీరు ఇ. శ్రీధరన్‌కు వచ్చింది. ఆ సెప్టెంబరులో ఆయన ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశాడు. రైలు పేరుతో భూముల మీద కన్నేశారని దాని సారాంశం. మరి మన సర్కారు ఏం చేసింది? లెక్కలు బయట పెట్టిందా? లేదు. పరువు నష్టం దావా వేస్తామని ఆ ముసలాయన్నే బెదిరించింది. నాలుగు నెలలు తిరగకుండానే, 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన లెక్కలన్నీ దొంగవని తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. మేటాస్ ఆ కుటుంబానిదే. 2009 జూలైలో ఒప్పందం రద్దయింది. అడిగినవాడి మీద దావా వేస్తామన్న పెద్దమనుషులు ఎవరూ తర్వాత క్షమాపణ చెప్పినట్టు మేము వినలేదు.

ఇందులో మనం చూడాల్సింది రాజుగారి దొంగ లెక్కల్ని కాదు, అవి బయటపడిన తీరును. సర్కారు తనిఖీ పట్టుకోలేదు, అసెంబ్లీ పట్టుకోలేదు. దొంగ తానే చెబితే గానీ తెలియలేదు.

తర్వాత 2010లో ఎల్ అండ్ టి వచ్చింది. సెప్టెంబరు 4న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఈసారి ఎదురు డబ్బు లేదు, 1,458 కోట్లు సాయంగా ఇస్తామన్నారు. దానితోపాటు స్టేషన్ల దగ్గరా డిపోల దగ్గరా కలిపి 269 ఎకరాల మీద మాల్సూ ఆఫీసులూ కట్టుకునే హక్కు ఇచ్చారు. ముప్పై అయిదేళ్ళు నడుపుకోవచ్చు, ఆ పైన పొడిగించుకోవచ్చు. అన్నలారా, ఇందులో 269 ఎకరాల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మనకు భూమి పంచమంటే ఈ రాష్ట్రంలో ఏ సర్కారుకైనా చేతులు వణికాయి. మూడెకరాల భూమి మాట 2014లో ఎంత గొప్పగా చెప్పారో, ఎందరికి అందిందో మీకే తెలుసు. నాగోలులో, మియాపూర్‌లో, అమీర్‌పేటలో గజం లక్షల్లో పలికే చోట ఎకరాలకు ఎకరాలు ఇయ్యడానికి ఏ చెయ్యీ వణకలేదు.

రైలు 2017 నవంబరు 29 నుంచి జనానికి తెరిచారు. బాగుంది, మేమూ ఎక్కాం. చల్లగా ఉంది, శుభ్రంగా ఉంది. ఆ శుభ్రం చేసే చేతులు ఎవరివి, వాళ్ళకు నెలకు ఎంత ఇస్తారు అని అడిగితే స్టేషన్లో చెప్పే మనిషి లేడు. ఒప్పందంలో ఉన్న ఎంజీబీఎస్ – ఫలక్‌నుమా ముక్క మాత్రం ఆ కంపెనీ చేతుల మీద కట్టనే లేదు. పాతబస్తీ ఎప్పటిలాగే చివర. తప్పంతా కంపెనీదే అనడం కూడా న్యాయం కాదు, ఆ రూటు మీద సర్కార్లూ పార్టీలూ ఏళ్ళకేళ్ళు నాన్చాయి. 2019 సెప్టెంబరులో వానకు అమీర్‌పేట స్టేషన్ కింద నిలబడిన ఒక యువతి మీద పైనుంచి పెచ్చు ఊడిపడి ఆమె చచ్చిపోయింది. వాన వస్తే స్టేషన్ కింద నిలబడే జనం ఎవరో చెప్పాలా? కారున్నవాడు కారులో ఉంటాడు. ఆర్టీసీ డ్రైవరు చేతిలో మనిషి పోతే తెల్లారేసరికి సస్పెన్షన్ ఆర్డరు చేతిలో పెడతారు, ఫోటోతో సహా పేపర్లో వేస్తారు. స్టేషన్ కట్టడానికి బాధ్యులైన పెద్ద ఉద్యోగులు ఎవరు, ఎవరి సంతకంతో ఆ పెచ్చు అక్కడ నిలిచింది అన్నది టికెట్ కొన్న జనానికి ఎవరు చెప్పారు?

చార్జీల సంగతి చూద్దాం. 2022లో చార్జీలు నిర్ణయించే కమిటీ వేశారు. ప్రజల అభిప్రాయం అడిగారు కూడా. ఎట్లా? ఈమెయిలు చెయ్యండి, లేకపోతే పోస్టులో పంపండి అన్నారు. అడ్డా కూలీ ఈమెయిలు చేస్తాడా? స్టేషన్లో ఒక బల్ల వేసి, ఒక రిజిస్టరు పెట్టి, రాయడం రానివాళ్ళ మాట రాసుకోవడానికి ఇద్దర్ని కూర్చోబెడితే పోయేదేమిటి? 2025 మే నెలలో పది నుంచి అరవై రూపాయలున్న టికెట్టును పన్నెండు నుంచి డెబ్బై అయిదు చేశారు. గోల పుడితే వారం తిరగకుండా పది శాతం తగ్గించి పదకొండు నుంచి అరవై తొమ్మిది అన్నారు. వారంలో తగ్గించగలిగిన లెక్క మొదట ఎందుకు పెంచినట్టు? సంతలో బేరంలాగా ఉంది. సంతలో అయితే కనీసం సరుకు పట్టుకుని చూడనిస్తారు.

ఇక అసలు మాట. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. 2024 మేలో ఎల్ అండ్ టి ఆర్థిక వ్యవహారాలు చూసే పెద్ద అధికారి, ఆడవాళ్ళు బస్సులకు పోతున్నారు కాబట్టి మెట్రోకు దెబ్బ తగులుతున్నదని, తాము 2026 తర్వాత వదిలించుకోవాలని చూస్తున్నామని పత్రికల ముందు అన్నాడు. ఆ మాటలో తప్పొప్పుల లెక్క తర్వాత చూద్దాం. ఆయన ఎవరికి జవాబు చెబుతున్నాడో చూడండి. కంపెనీ షేర్లు కొన్నవాళ్ళకు మూడు నెలలకోసారి లెక్క చెబుతారు. అప్పు ఇచ్చిన బ్యాంకులకు అడిగినప్పుడల్లా చెబుతారు. జీరో టికెట్ పట్టుకుని పటాన్‌చెరు నుంచి ఇళ్ళ పనికి పోయే అక్క మీద నష్టం మోపుతున్నప్పుడు, ఆ అక్కకు లెక్క చూపించాల్సిన పని లేదా? మాల్సు మీద ఎంత వచ్చింది, భూమి మీద ఎంత వచ్చింది, అప్పు మీద వడ్డీ ఎంత పోయింది, ప్రకటనల బోర్డుల మీద ఎంత వచ్చింది? ఇవన్నీ పక్కన పెట్టి కూలి తల్లి బస్సెక్కడం మీద పడ్డారు.

2025 సెప్టెంబరులో కథ ఇంకో మలుపు తిరిగింది. మెట్రో మొదటి దశను సర్కారే తీసుకుంటుందని ఒప్పుకున్నారు. దాదాపు 13,000 కోట్ల అప్పు సర్కారు నెత్తికెత్తుకోవడం, కంపెనీ పెట్టిన వాటా కింద దాదాపు 2,000 కోట్లు ఇవ్వడం ఆ ఒప్పందం. సర్కారు చేతికి రావడం తప్పని మేము అనం. ప్రజల రైలు ప్రజల చేతిలో ఉండాలి. కానీ ఆ అప్పు ఎవరిది? రేపు సాంఘిక సంక్షేమ హాస్టల్లో మెస్ చార్జీలు పెంచమంటే "ఖజానా ఖాళీ" అనే నోటితోనే దీనికి ఊకొట్టారు. పదిహేనేళ్ళ లెక్క ఒక్కసారి అసెంబ్లీ బల్ల మీద, తెలుగులో, పైసాతో సహా పెట్టి, ఆ తర్వాత ఎత్తుకోవద్దా అప్పు? బడిలో ఒక చాక్‌పీసు డబ్బా కొంటే మమ్మల్ని మూడు రసీదులు అడుగుతారు.

బస్సుల్లోకి వద్దాం. 2019 అక్టోబరు 5న ఆర్టీసీలో దాదాపు 48 వేల మంది సమ్మెకు దిగారు. పనిలోకి రానివాళ్ళు తమ ఉద్యోగాలు తామే తీసేసుకున్నట్టు అన్నాడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్. సగం బస్సులే ఆర్టీసీవి, ముప్పై శాతం అద్దెవి, ఇరవై శాతం పూర్తిగా ప్రైవేటువి అని కొత్త లెక్క చెప్పాడు. నవంబరు 2న 5,100 రూట్లు ప్రైవేటుకు ఇస్తామని మంత్రివర్గం తీర్మానించింది. హైకోర్టు లెక్కలు అడిగింది. అధికారులు ఇచ్చిన లెక్కలు ఒకదానికొకటి పొసగడం లేదని కోర్టే తప్పుపట్టింది. యాభై రెండు రోజులు కార్మికుల పొయ్యి వెలగలేదు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. చివరికి అందర్నీ పనిలోకి తీసుకున్నారు, ఆ రూట్లు అప్పుడు పోలేదు. అయితే డప్పు కొట్టి చేయలేకపోయిన పనిని చప్పుడు లేకుండా చేసే మార్గం వేరే ఉంది.

ఆ మార్గం కరెంటు బస్సు. బస్సు కంపెనీది, డ్రైవరు కంపెనీ మనిషి, రిపేరు కంపెనీది. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని కంపెనీకి కడుతుంది. బస్సు నిండినా ఖాళీగా పోయినా కిలోమీటరు డబ్బు కంపెనీకి ముడుతుంది. 2019లో నలభై బస్సులతో హైదరాబాదులో మొదలైంది, 2023 మార్చిలో 550 బస్సులకు ఆర్డరిచ్చారు, 2027కల్లా ఔటర్ రింగు రోడ్డు లోపల 2,800 కరెంటు బస్సులు తెస్తామన్నారు. పొగ లేని బస్సు రావడం మంచిదే. పొగ ఎక్కువ మింగేది రోడ్డు పక్క బతుకులే కదా. అయితే ఆ డిపోలకూ చార్జింగు స్టేషన్లకూ 392 కోట్లు కావాలని చెప్పి, 2025 అక్టోబరు 6 నుంచి సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు అయిదు రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి పది రూపాయలు పెంచారు. బస్సు కంపెనీదైనప్పుడు దాన్ని నిలబెట్టే చోటుకు డబ్బు మేస్త్రీ జేబులోంచి ఎందుకు పోవాలి? పోవాల్సిన కారణం ఉంటే ఉండొచ్చు. ఒప్పందం చూస్తే తెలుస్తుంది. చూపించండి.

కిలోమీటరుకు ఎంత కడుతున్నారు? రోజుకు ఇన్ని కిలోమీటర్లని హామీ ఉందా? బస్సు రాని రోజు కంపెనీకి జరిమానా ఎంత వేశారు, ఎంత వసూలు చేశారు? ఈ మూడు సంగతులూ బస్సు అద్దం మీద రాయొచ్చు. "పొగ త్రాగరాదు" అని రాసినంత తేలిక.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి, ఇది బహిరంగ రికార్డు. ఈ కరెంటు బస్సులు చేసే ఒలెక్ట్రా సంస్థ మేఘా ఇంజనీరింగ్ గ్రూపుది. ఎన్నికల బాండ్లు చెల్లవని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మార్చిలో బయటపడిన జాబితాలో 966 కోట్ల బాండ్లు కొని దేశంలోనే రెండో స్థానంలో ఉన్నది మేఘా. ఆ డబ్బుకూ బస్సు కాంట్రాక్టుకూ ముడి ఉందని మేము అనడం లేదు, అనడానికి మా దగ్గర రుజువు లేదు. బాండ్లు కొన్న రోజు ఆ కొనుగోలు నేరమూ కాదు. మేము అనేదల్లా ఇదే. సర్కారుతో కాంట్రాక్టులు చేసే కంపెనీ సర్కార్లు నడిపే పార్టీలకు వందల కోట్లు ఇచ్చిన సంగతి తెలియడానికి జనం సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. మన ఊళ్ళో సర్పంచి పొలం మీదుగా సీసీ రోడ్డు వేస్తే రచ్చబండ మీద అదే రోజు అడుగుతాం.

ఇక మన వాటా ముచ్చట. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీల పదిహేను శాతాన్ని మూడు గ్రూపులుగా ఒకటి, తొమ్మిది, అయిదు అని విభజించి అమలు చేస్తున్నారు. ముప్పై ఏళ్ళ పోరాటం అది, న్యాయమైనది, ఎవరి వాటా వాళ్ళకు రావాలి. కాని సున్నాలో తొమ్మిది శాతం ఎంతని బడిలో అడిగితే అయిదో తరగతి పిల్ల కూడా చెబుతుంది. 2025 సెప్టెంబరులో ఆర్టీసీలో వెయ్యి డ్రైవరు పోస్టులకు, 743 శ్రామిక్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, మన పిల్లలు తప్పక రాయాలి. కానీ అటువైపు వేల కరెంటు బస్సులు వస్తే వాటి వేల డ్రైవర్లలో రోస్టరు ఏది? కంపెనీ మేనేజర్లలో, సూపర్‌వైజర్లలో, ఇంజనీర్లలో మనవాడు ఎవడు? మాదిగ, మాల, ఉపకులాల అన్నదమ్ములు అరుగు మీద కూర్చుని వాటా కోసం వాదించుకుంటుంటే వెనక తలుపు నుంచి గాదె ఖాళీ అవుతున్నది.

మా వాడ పిల్లవాడొకడు హెవీ లైసెన్సు పెట్టుకుని పట్నంలో ఒక కాంట్రాక్టరు దగ్గర సిటీ బస్సు నడుపుతాడు. పన్నెండు గంటల డ్యూటీ. జీతం చీటీ ఇయ్యరు. పీఎఫ్ కోసారంటారు, నంబరు చెప్పరు. చిన్న గీత పడితే జీతంలో కోత. సెలవడిగితే "రేపటి నుంచి రాకు". యూనియన్ మాటెత్తితే గేటు లోపలికే రానియ్యరు. వాడు ఆర్టీసీ బోర్డు ఉన్న బస్సునే నడుపుతున్నాడు, మనల్నే ఎక్కించుకుని పోతున్నాడు. అలసిన డ్రైవరు చేతిలో ప్రయాణించేది మనమే కాబట్టి వాడి జీతం చీటీ మన పని కూడా.

మేము కొందరం కలిసి సమాచార హక్కు చట్టం కింద ఒక ఆఫీసులో దరఖాస్తు పెట్టాం. కాంట్రాక్టు నకలు కావాలి, కాంట్రాక్టు బస్సుల్లో డ్రైవర్లు ఎందరు, అందులో ఎస్సీ ఎస్టీలు ఎందరు, జీతం ఎంత అని అడిగాం. నెల తర్వాత రెండు వాక్యాల జవాబు వచ్చింది. కాంట్రాక్టు "వాణిజ్య రహస్యం", డ్రైవర్ల వివరాలు "కాంట్రాక్టరు వద్ద ఉండును, ఈ కార్యాలయమున లేవు". చూడండి, వేల మంది ప్రాణాలు చేతిలో పెట్టిన డ్రైవరు ఎవరో ఆ ఆఫీసుకు తెలియదట!

ఈ రెండు జవాబులూ చట్టం ముందు నిలవవని మా వాదన. 2005 చట్టంలో 8(1)(డి) కింద వాణిజ్య రహస్యం అని నిరాకరించవచ్చు, నిజమే. అదే సెక్షన్లో, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని కూడా ఉంది. టెండరు అయిపోయి, సంతకాలయిపోయి, ప్రజల డబ్బు కడుతున్న తర్వాత కిలోమీటరు రేటులో ఇంకేం రహస్యం? ఇక రెండోది. ప్రైవేటు సంస్థ దగ్గరున్నా సరే, ఏ చట్టం కిందనైనా సర్కారు ఆఫీసు తెప్పించుకోగల సమాచారం అయితే అది మనకు ఇవ్వాల్సిన సమాచారమేనని 2(ఎఫ్) చెబుతుంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది, 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంది. జీతం కట్టే బాధ్యత ఉన్నవాడికి జీతం ఎంతో అడిగి తెప్పించుకునే అధికారం లేదంటే ఎవరు నమ్ముతారు? మేము అప్పీలు వేశాం.

అయితే కాగితాల పోరాటం ఒక్కటే సరిపోదు. మన ఊళ్ళకు ఇంతకన్నా మంచి ఆయుధం తెలుసు. ఉపాధి హామీ చట్టం వచ్చినప్పుడు దాని 17వ సెక్షన్ కింద 2006 నుంచి మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టరు రోలు గ్రామసభలో గట్టిగా చదివారు. "నేను ఆ వారం పనికే పోలే, నా పేరు మీద డబ్బులెట్లా పడ్డయి?" అని అక్షరం రాని ముసలవ్వ లేచి అడిగింది. ఫీల్డ్ అసిస్టెంటు చెమటలు తుడుచుకున్నాడు. కొన్నిచోట్ల తిన్న డబ్బు కక్కించారు. ఆ అవ్వకు ఆడిట్ రాదు. ఆ వారం తాను ఎక్కడుందో ఆమెకు తెలుసు, అంతే. ఫలానా బస్సు పొద్దున అయిదుంబావుకు రాలేదని తెలిసింది కూడా ఎవరికి? ఆ స్టాపులో నిలబడిన కూలికి. కంపెనీ బిల్లులో ఆ ట్రిప్పు నడిచినట్టు రాసి ఉందా లేదా అన్నది ఆ కూలి ముందు చదవాలి. ఉప్పల్లో, ఎల్బీనగర్లో, మెహిదీపట్నంలో, ఆరు నెలలకోసారి, బస్టాండులోనే. ఆర్టీసీ అధికారి ఒక్కడే రావడం కాదు, కంపెనీ తరఫున సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి రావాలి. పీఆర్వోను పంపిస్తే కుదరదు. రానంటే ఆ నెల బిల్లు ఆపాలి. రేపు సర్కారు చేతికొచ్చే మెట్రోకూ ఇదే పద్ధతి ఉండాలి, ఎందుకంటే ఊడ్చే పని, సెక్యూరిటీ పని, రైలు నడిపే పని మళ్ళీ ఏదో ఏజెన్సీకే ఇస్తారు.

"ఇట్లా అడిగితే ఏ కంపెనీ వస్తుంది?" అని పెద్ద చదువులు చదివిన మిత్రులే మమ్మల్ని అడుగుతున్నారు. అమెరికాలో మాంట్‌గొమరీ అనే ఊళ్ళో 1955లో నల్లవాళ్ళు లేచి తెల్లవాడికి సీటు ఇవ్వాల్సి వచ్చిన బస్సులు సర్కారువి కావు, ఒక ప్రైవేటు కంపెనీవి. అడిగితే కంపెనీ నగర చట్టం వైపు వేలు చూపించింది. నల్లవాళ్ళు 381 రోజులు ఆ బస్సులు ఎక్కలేదు, నడిచి పనికి పోయారు. కంపెనీ ఆదాయం పడిపోయింది. పారిపోతుందేమోనని వాళ్ళు భయపడి ఉంటే ఇంకా వెనక సీట్లోనే ఉండేవాళ్ళు.

ఇప్పటికి చేయగలిగింది చెబుతాం. పట్నంలో ఉన్న మన పిల్లలకు చెప్పండి, తాము రోజూ ఎక్కే బస్సు నంబరు, స్టాపు, అది రావాల్సిన వేళ, వచ్చిన వేళ ఒక నోటుబుక్కులో నెల రోజులు రాయమనండి. కాంట్రాక్టు బస్సు నడిపే మన పిల్లలుంటే పేరు చెప్పకుండా జీతం, డ్యూటీ గంటలు రాసిపెట్టుకోండి, వాళ్ళ ఉద్యోగానికి ఎసరు రాకుండా చూసుకోండి. సమాచార హక్కు దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు, ఎందుకడుగుతున్నారో చెప్పనక్కర లేదు. రాయడం రానివాళ్ళకు రాసిపెట్టే బాధ్యత ఆ అధికారిదే అని చట్టం చెబుతుంది. దారిద్ర్య రేఖ దిగువ ఉన్నవాళ్ళకు ఫీజు లేదు, రేషను కార్డు నకలు జత చెయ్యండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వెయ్యాలి. తేదీ తప్పితే సాకు దొరుకుతుంది వాళ్ళకు. దరఖాస్తు నకలు ఒకటి దగ్గర పెట్టుకుని, దాని మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా కౌంటరు వదలొద్దు. "సార్ లేరు, రేపు రండి" అంటారు. ఇన్‌వర్డు సెక్షనుకు సారుతో పని లేదు.